అన్నిటికి కుదురుబాటు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అపొస్తలుల కార్యములు 3:21 చుట్టూనే ఉన్నాయి. అన్నిటికి కుదురుబాటు కాలములు వస్తాయని దేవుడు ప్రవక్తల నోట పలికించాడనీ, అంతవరకు యేసు పరలోకంలో ఉండటం ఆవశ్యకమనీ పేతురు ఆ వచనంలో అంటాడు. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబిస్తున్నాం. బైబిలు పక్కన పెట్టుకుని చదవండి.

ప్రశ్న: "అన్నిటికి కుదురుబాటు కాలములు" అంటే ఏమిటి? మా బైబిలు స్టడీలో ఒకరు రోగాలు నయం కావడం అన్నారు, ఇంకొకరు ఇశ్రాయేలుకు రాజ్యం తిరిగి రావడం అన్నారు. ఏది సరైనది? (రాజమహేంద్రవరం)

ముందు తెలుగు మాట చూద్దాం. ఇక్కడ మన అనువాదకులకు చాలా మంచి మాట దొరికింది. గుండ్రటి అడుగున్న కుండ నేలమీద నిలవదు. గడ్డితో చుట్టిన కుదురు కింద పెడితే నిలుస్తుంది. జబ్బు నయమైతే 'కుదిరింది' అంటాం, మనసు నెమ్మదిస్తే 'కుదుటపడింది' అంటాం. ఉండాల్సిన చోట ఒరగకుండా నిలవడమే కుదురు. గ్రీకులో ఇక్కడున్న 'అపొకతాస్తసిస్' కూడా దీనికి చాలా దగ్గర. మునుపటి చోట, మునుపటి స్థితిలో తిరిగి నిలబెట్టడం అని దాని అర్థం. కీలు తప్పిన ఎముకను చోటికి ఎక్కించడానికి వైద్యులూ, గ్రహం తిరిగి బయలుదేరిన స్థానానికి రావడానికి ఖగోళ పండితులూ ఆ మాటే వాడేవారు.

ఈ నామవాచకం కొత్త నిబంధనలో ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదు. కానీ దాని క్రియారూపం ఎనిమిది చోట్ల ఉంది. తెలుగులో ఒక్కో చోట ఒక్కో మాట పడింది కాబట్టి ఆ సంబంధం మన కంటికి కనబడదు. ఊచచెయ్యి గలవాని చెయ్యి 'బాగుపడెను' అన్న మూడు చోట్లా (మత్తయి 12:13, మార్కు 3:5, లూకా 6:10) ఇదే క్రియ. బేత్సయిదా గుడ్డివాడు 'కుదుర్చబడి' సమస్తమును తేటగా చూశాడన్న చోట (మార్కు 8:25) ఇదే. ఏలీయా వచ్చి సమస్తమును 'చక్కపెట్టును' అన్న రెండు చోట్ల (మత్తయి 17:11, మార్కు 9:12) ఇదే. ఇశ్రాయేలునకు రాజ్యమును 'మరల అనుగ్రహించెదవా' అని శిష్యులు అడిగిన చోటా (అపొ. 1:6), తాను త్వరగా వాళ్ల దగ్గరికి తిరిగి చేరేలా ప్రార్థించమని హెబ్రీ పత్రిక రచయిత కోరిన చోటా (13:19) ఇదే. ఈ ఎనిమిది రిఫరెన్సులూ మీ బైబిల్లో 3:21 పక్కన మార్జిన్‌లో రాసుకోండి. ఒక చెయ్యి, ఒక చూపు, ఒక జాతి, విడిపోయిన స్నేహితుడు, చివరికి 'అన్నీ'. పరిమాణం మారుతోంది గానీ పని ఒక్కటే.

కాబట్టి మీ స్టడీలో ఇద్దరూ ఒక్కో కొస పట్టుకున్నారు. ఇద్దరిదీ తప్పు కాదు, అయితే ఎవరిదీ పూర్తి కాదు.

ఈ మాట పేతురు నోట ఎప్పుడు వచ్చిందో చూడండి. దేవాలయంలో, సొలొమోను మంటపంలో, పుట్టుకుంటివాడు ఆయన్నీ యోహానునూ పట్టుకుని నిలబడి ఉండగా. ఆ మనిషికి నలభై ఏళ్లు పైబడ్డాయి (4:22). ఈ పుస్తకం రాసిన లూకా పాదాలనూ చీలమండలనూ పేరుపెట్టి చెబుతాడు: అవి బలం పొందాయి, వాడు నడుస్తూ గంతులు వేస్తూ లోపలికి వెళ్లాడు. "కుంటివాడు దుప్పివలె గంతులువేయును" అని యెషయా 35:6 ముందే చెప్పింది. గ్రీకు పాత నిబంధనలో యెషయా గంతుకు ఉన్న క్రియనే లూకా ఇక్కడ వాడాడు. అంటే పేతురు గాలిలో సిద్ధాంతం చెప్పడం లేదు. కుదురుకున్న చీలమండలను చూపిస్తూ, 'ప్రవక్తలు చెప్పింది ఇదే, ఇది మొదలైంది, మిగతాది రాబోతోంది' అంటున్నాడు.

ఇక వరుస. 19 నుండి 21 వరకు నెమ్మదిగా చదివితే ఐదు మెట్లు కనిపిస్తాయి: మారుమనస్సు పొంది తిరగడం, పాపాలు తుడిచివేయబడటం, విశ్రాంతి కాలాలు, దేవుడు క్రీస్తును పంపడం, అన్నిటి కుదురుబాటు. తప్పు దొర్లేది ఎక్కువగా మూడో మెట్టు దగ్గర. 'విశ్రాంతి', 'కుదురుబాటు' ఒకటే అనుకుంటారు. విశ్రాంతికి గ్రీకులో ఉన్న మాట ఊపిరి తీసుకోవడానికి సంబంధించింది. కప్పల తెగులు ఆగాక ఫరోకు కలిగిన 'ఉపశమనము' (నిర్గమ 8:15) దగ్గర గ్రీకు పాత నిబంధనలో ఆ మాటే ఉంది. ఎండన పడి నడిచినవాడికి చెట్టు నీడలాంటిది అది. కుదురుబాటు అంటే ఇల్లు చేరడం. క్రీస్తు అంతవరకు పరలోకంలో ఉండటం 'ఆవశ్యకము' అని పేతురు స్పష్టంగానే అన్నాడు కాబట్టి, కుదురుబాటు పూర్తి కావడం ఆయన రాకడతోనే.

గ్రీకు చదివేవారి కోసం ఒక మాట. "వాటిని గూర్చి దేవుడు పలికించెను" అన్నప్పుడు ఆ 'వాటిని' అనే సంబంధ సర్వనామం 'కాలముల'ను చూపుతోందా, 'అన్నిటి'ని చూపుతోందా? వ్యాకరణం రెండింటికీ ఒప్పుకుంటుంది. మన తెలుగు బైబిలు 'కాలములు వచ్చునని పలికించెను' అని మొదటి దారి పట్టింది. రెండో దారి పడితే 'ప్రవక్తలు పలికిన వాటన్నిటి కుదురుబాటు' అవుతుంది. సర్వనామానికి దగ్గరగా ఉన్న మాట 'అన్నిటి' కాబట్టి, తర్వాతి వచనాలన్నీ మోషే, సమూయేలు, తక్కిన ప్రవక్తల గురించే కాబట్టి, మాకు రెండోదే బలంగా కనిపిస్తుంది. దీని అవసరం తర్వాతి ప్రశ్నలో తెలుస్తుంది.

ప్రశ్న: 'అన్నిటికి' అంటే అందరూ, చివరికి సాతాను కూడా రక్షించబడతాడని కొందరు వీడియోల్లో చెబుతున్నారు. నరకం కొంతకాలమేనా? (హైదరాబాదు, ఇదే ప్రశ్న దుబాయి నుండి కూడా వచ్చింది)

ఇది కొత్త బోధ కాదు. సుమారు 185లో పుట్టిన అలెగ్జాండ్రియా పండితుడు ఓరిగెను ఈ దిశలో ఆలోచించాడు. అంతం ఆరంభంలా ఉంటుందని, దేవుని శిక్ష వైద్యుడి కత్తిలా బాగుచేయడానికేనని వాదించాడు. 4వ శతాబ్దంలో నిస్సా పట్టణపు బిషప్పు గ్రెగొరీ బంగారాన్ని పుటం వేసే పోలికతో అలాంటి మాటే చెప్పాడు. ఆ శతాబ్దం దాటాక ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీను దీన్ని గట్టిగా ఖండించాడు. 543లో జస్టీనియన్ చక్రవర్తి శాసనం, 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన సభకు సంబంధించిన తీర్మానాలు ఓరిగెను పేరిట నడిచిన బోధను తిరస్కరించాయి. ఆ తీర్మానాలు సభ లోపల జరిగాయా, ముందే జరిగాయా అన్నదానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. గ్రెగొరీని మాత్రం సంఘం ఎన్నడూ శపించలేదు. కాబట్టి ఈ ప్రశ్న అడిగినవారిని వెంటనే దుర్బోధకులని ముద్ర వేయకండి. దేవుని ప్రేమ మీద బెంగతో అడిగేవారే ఎక్కువ.

కానీ 3:21 ఆ బరువు మోయదు. రెండు వచనాల తర్వాత అదే ప్రసంగంలో, తనలాంటి ప్రవక్తను దేవుడు పుట్టిస్తాడని మోషే చెప్పిన ఆ ప్రవక్త మాట 'విననివాడు ప్రజలలో ఉండకుండ సర్వనాశనమగును' అని పేతురు మోషే మాటను ఎత్తి చెప్పాడు. అన్నిటి కుదురుబాటు, విననివాడి నాశనం ఆయన నోట పక్కపక్కనే ఉన్నాయి. 'అన్నీ' అంటే ప్రవక్తలు పలికినవన్నీ అనుకుంటే వీటి మధ్య తగవు లేదు. ఎందుకంటే ప్రవక్తలు తీర్పును కూడా పలికారు.

కొలొస్సయులు 1:20 గురించి ఇద్దరు రాశారు. భూలోకంలోనివైనా పరలోకంలోనివైనా సమస్తాన్ని తనతో సమాధానపరచుకోవడం అక్కడ ఉంది. దాన్ని ఫిలిప్పీయులు 2:10 పక్కన పెట్టి లెక్కపెట్టండి. మోకాలు వంగే చోట మూడు తావులున్నాయి: పరలోకం, భూమి, భూమి క్రింద. సమాధానం చెప్పిన చోట రెండే ఉన్నాయి. ఈ ఒక్క తేడా మీద సిద్ధాంతం కట్టమని అనం. కానీ మోకాలు వంగడం వేరు, సమాధానపడటం వేరు అని మాత్రం తెలుస్తుంది. కొలొస్సయుల్లోనే 1:23లో 'విశ్వాసమందు నిలిచియుండినయెడల' అన్న షరతు ఉంది. 2:15లో ప్రధానులు, అధికారులు నిరాయుధులై ఓడిపోయినవారిగా కనబడతారు, ఆలింగనం చేసుకున్నవారిగా కాదు.

మత్తయి 25:46లో శిక్షకూ జీవానికీ ముందున్న 'నిత్య' అనే విశేషణం గ్రీకులో ఒక్కటే. ఒకదానికి 'కొంతకాలం' అని అర్థం చెబితే రెండోదానికీ అదే చెప్పాలి. ఈ అడ్డం మాకు దాటరానిదిగా కనిపిస్తుంది. అదే సమయంలో, మనుష్యులందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నాడన్న 1 తిమోతి 2:4ను చిన్నచేసి చదవకండి. నరకం గురించి కళ్లలో నీళ్లు లేకుండా ప్రసంగించేవారు ఆ వచనం ఇంకా చదవలేదనే అనుకోవాలి.

ప్రశ్న: మత్తయి 19:28లో 'పునర్జననము' అని ఉంది. ఇది పునర్జన్మేనా? మా పక్కింటివారు అడిగితే చెప్పలేకపోయాను. (తెనాలి)

కాదమ్మా. పునర్జన్మలో ఒక జీవి చనిపోయి మరో దేహంలో పుడుతుంది, మళ్లీ మళ్లీ. ఇక్కడ మనుష్యకుమారుడు సింహాసనం మీద కూర్చునే వేళ లోకమంతా ఒకేసారి కొత్తదవడం ఉద్దేశం. అందుకే మన బైబిల్లో '(ప్రపంచ)' అనే మాటను కుండలీకరణాల్లో చేర్చారు. గ్రీకు మాట 'పలిగ్గెనెసియ' తీతుకు 3:5లో కూడా ఉంది. అక్కడ ఒక మనిషి లోపల జరిగే కొత్త పుట్టుక. స్తోయికులనే ప్రాచీన గ్రీకు తత్వవేత్తలు ఈ మాటను విశ్వం కాలిపోయి మళ్లీ అదే వరుసలో మొదలయ్యే చక్రానికి వాడేవారు. యేసు మాటలో చక్రం లేదు, ఒక్క గమ్యమే ఉంది. పక్కింటివారికి ఇంత చెబితే చాలు: 'ఒకసారే, అందరికీ కలిపి, ఈ దేహంతోనే'.

ప్రశ్న: 2 పేతురు 3:10 ప్రకారం భూమి కాలిపోతుంది. కాలిపోయేదానికి కుదురుబాటు ఎలా? మా యూత్ వాళ్లు చర్చి ఆవరణలో మొక్కలు నాటితే ఒక పెద్దాయన 'ఎందుకివన్నీ' అన్నారు. (ఖమ్మం)

మొక్కలు నాటండి. ఇక వచనం చూద్దాం.

మొదట 'పంచభూతములు'. గ్రీకులో ఉన్నది 'మూలపదార్థాలు' లేక 'మూలాంశాలు' అని చెప్పదగిన మాట. 'పంచ' అనే లెక్క అందులో లేదు, మన వాడుక నుండి వచ్చి చేరింది. తప్పు పట్టడం లేదు, కానీ భూమి, నీరు, అగ్ని, వాయువు, ఆకాశం అని ఐదూ లెక్కపెట్టి ప్రసంగం కట్టకండి.

రెండోది 'కాలిపోవును'. ఇక్కడ ప్రాచీన ప్రతులు విడిపోతాయి. 5వ శతాబ్దపు అలెగ్జాండ్రియా ప్రతిలో 'కాలిపోవును' అని ఉంది. అంతకంటే పాతవైన 4వ శతాబ్దపు సీనాయి ప్రతిలో, వాటికను ప్రతిలో 'కనబడును' లేక 'బయటపడును' అని అర్థమిచ్చే క్రియ ఉంది. నిప్పు పై తొడుగును కాల్చేసి లోపలున్న పనులను బయటపెడుతుందని దాని భావం. నేటి విద్వాంసులు ఎక్కువమంది ఈ పాఠాన్నే తీసుకుంటారు. కష్టమైన పాఠాన్ని నకలురాసేవాడు తేలిక చేస్తాడు గానీ తేలికైనదాన్ని కష్టం చేయడన్నది వాళ్లకు ఒక ముఖ్య కారణం.

మూడోది, పేతురు తానే ఇచ్చిన పోలిక. 3:6లో జలప్రళయంలో లోకం 'నశించెను' అన్నాడు. కానీ నోవహు ఓడ దిగి కాలు పెట్టింది ఈ భూమి మీదే. నీటితో ఎలా నశించిందో నిప్పుతోనూ అలాగే నశిస్తే, తీర్పు ఉంటుంది, కడగడం ఉంటుంది, చెత్తకుప్పలో పారేయడం ఉండదు. 13వ వచనంలో 'క్రొత్త' అన్నదానికి వాడిన గ్రీకు మాట 'కైనొస్'. 2 కొరింథీ 5:17లో 'నూతన సృష్టి' అన్నదీ అదే. అక్కడ మారిన మనిషి వేరే మనిషి కాదు, మన ఎదుటే కూర్చున్న ఆ మనిషే. ప్రకటన 21:5లో కూడా దేవుడు 'సమస్తమును నూతనమైనవిగా' చేస్తానన్నాడు, నూతనమైన సమస్తాన్ని చేస్తాననలేదు. 21:1లో మొదటి భూమి గతించిందన్న మాటను బట్టి పూర్తిగా కొత్త భూమి అనేవారు ఉన్నారు, వారిలో మంచి బైబిలు విద్యార్థులూ ఉన్నారు. మేము మాత్రం రోమా 8:21 వైపు నిలబడతాం. సృష్టికి అక్కడ చెప్పింది విడుదల. చెరసాలను తగలబెట్టి లోపలి ఖైదీని కూడా కాల్చేస్తే దాన్ని విడుదల అనరు.

ఖాళీ సమాధి దీనికి సాక్ష్యం. లేచిన దేహం పాతిపెట్టిన దేహమే, చేతుల్లో మేకుల గురుతులతో సహా.

ప్రశ్న: యోవేలు 2:25 చూపించి 'పోయినదంతా ఈ సంవత్సరం రెట్టింపు వస్తుంది, విత్తనం వేయండి' అని ఒక కూటంలో చెప్పారు. మా ఆయన పోయారు, చీటీలో డబ్బు పోయింది. రెండుసార్లు కానుక ఇచ్చాను. ఏమీ రాలేదు. నా విశ్వాసంలో లోపమా? (గుంటూరు జిల్లా)

లేదు సహోదరీ. లోపం మీకు చెప్పిన అర్థంలో ఉంది. ఇక మీదట దీని కోసం కానుక ఇవ్వకండి.

యోవేలు చెప్పింది మిడతల దండు గురించి. నాలుగు పేర్లతో, ఒకటి వదిలింది ఇంకొకటి తింటూ వచ్చాయి (1:4). దేవాలయంలో నైవేద్యానికి కూడా గింజ లేకపోయింది (1:9). ఇస్తానన్నది ఏమిటి? తొలకరి, కడవరి వర్షాలు, ధాన్యంతో నిండే కళ్లాలు, కొత్త ద్రాక్షారసం, నూనె. మన తెలుగులో "సంవత్సరముల పంట" అని 'పంట' చేర్చి అర్థాన్ని ఇంకా తేట చేశారు. అది ఒక దేశం మొత్తానికి, అందరూ కలిసి ఉపవాసముండి హృదయాలు చింపుకున్న తర్వాత చెప్పిన మాట (2:12-17). ఆ అధ్యాయంలో 'రెట్టింపు' లేదు. ఎవరికో డబ్బు ఇస్తే వస్తుందన్న షరతు అసలే లేదు.

రెట్టింపు యోబు 42లో ఉంది. లెక్క చూడండి: గొర్రెలు 7,000 నుండి 14,000, ఒంటెలు 3,000 నుండి 6,000, ఎద్దులు 500 జతల నుండి 1,000 జతలు, ఆడుగాడిదలు 500 నుండి 1,000. పిల్లలు? ముందు ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. తర్వాత కూడా ఏడుగురు, ముగ్గురే. పోయిన పదిమందిలో ఒక్కరు కూడా ఆ అధ్యాయంలో తిరిగి రాలేదు. ఒంటె బదులు ఒంటెను ఇవ్వవచ్చు, మనిషి బదులు మనిషిని ఇవ్వలేం. మీ ఆయన విషయంలో కుదురుబాటు అంటే పునరుత్థానమే. అది 3:21 చెప్పిన కాలానికి కట్టుబడి ఉంది. ఈ ఏడాది క్యాలెండరుకు కాదు.

చీటీ డబ్బు వేరే సంగతి. పాసుబుక్కు, రశీదులు, మాట్లాడిన మెసేజీలు, సాక్షుల పేర్లు ఒకచోట పెట్టుకుని, ఆ చీటీ రిజిస్టరైందా లేదా కనుక్కుని, న్యాయవాది దగ్గరికి వెళ్లండి. మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో మహిళలకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. అలా వెళ్లడం అవిశ్వాసం కాదు.

ప్రశ్న: నాకు కిరాణా కొట్టు ఉంది. ఏళ్ల తరబడి తూకంలో తక్కువ ఇచ్చాను. ఒక బంధువు దాచమని ఇచ్చిన ₹40,000 ఇవ్వలేదని బుకాయించాను. బాప్తిస్మం తీసుకున్నాను. ఇప్పుడేం చేయాలి? (అనంతపురం జిల్లా)

మీ ప్రశ్న ఈ అంశానికి పక్కది కాదు. కుదురుబాటు మన చేతుల్లోకి వచ్చే చోటు ఇదే.

బంధువు డబ్బుకు లేవీయకాండము 6:1-7 నేరుగా సరిపోతుంది. దాచమని ఇచ్చినదాన్ని బుకాయించడం ఆ జాబితాలోనే ఉంది. కొలత: మూలధనం, దానిపై అయిదవవంతు. మీ లెక్కలో 40,000, దానికి 8,000, మొత్తం ₹48,000. దొరికిపోయిన దొంగకు రెండంతలు (నిర్గమ 22:4), దొంగిలించిన ఎద్దును అమ్మినా చంపినా అయిదంతలు, గొర్రెకు నాలుగంతలు (22:1). తానే ఒప్పుకున్నవాడికి అయిదవవంతే. యేసును ఇంటికి చేర్చుకున్న సుంకరి జక్కయ్య (లూకా 19:8) నాలుగంతలు అన్నది తనంతట తాను ఎంచుకున్న కఠినమైన కొలత. క్రైస్తవుడికి ఇది చట్టం కాదు, కానీ ఇంతకంటే మంచి కొలత మాకు తెలియదు. ఒక సంగతి గమనించండి: అదే భాగంలో అపరాధ బలిగా తెమ్మన్న పొట్టేలు బలిపీఠానికి, మూలధనం, అయిదవవంతు మనిషికి. ఒకదాని బదులు ఇంకొకటి చెల్లదు. క్షమాపణ క్రీస్తు బలివల్ల దొరికింది, మీ 48,000 దాన్ని కొనదు. ఆ క్షమాపణ మీ బంధువు అప్పునూ తీర్చదు.

వెళ్లేటప్పుడు డబ్బు చేతిలో పట్టుకుని వెళ్లండి. 'ఏదైనా పొరపాటు జరిగి ఉంటే' అనకండి. 'నువ్విచ్చిన నలభై వేలు నా దగ్గరే ఉన్నాయి, ఇవ్వలేదని అబద్ధమాడాను' అనండి. ఒకేసారి కుదరకపోతే తేదీలు వేసి ప్రామిసరీ నోటు రాసి, మొదటి వాయిదా అప్పుడే ఇవ్వండి. క్షమించమని అడగండి, మాఫీ చేయమని అడగకండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: ఆ మనిషికి చెప్పకముందే సంఘంలో సాక్ష్యం చెబుతారు, లేదా అతనికివ్వాల్సింది కానుకపెట్టెలో వేస్తారు. సొత్తు సొత్తుదారుడిది. అతను చనిపోయి ఉంటే వారసులది. రక్తసంబంధి ఎవరూ లేనప్పుడే అది యెహోవాకు చెల్లుతుంది (సంఖ్యా 5:8).

తూకం సంగతి కష్టం, ఎవరికి ఎంత తగ్గిందో మీకే తెలియదు. గుర్తున్న ఖాతా కస్టమర్ల పేర్లు రాసి, వాళ్లకు సరుకుగానో బాకీలో తగ్గింపుగానో అయిదవవంతు కలిపి ఇవ్వండి. గుర్తులేనివారి వంతు మీ అంచనాకు మించి లెక్కగట్టి, అదే ఊరి పేదలకు చేరేలా చూడండి. కొట్టు ముందు నిలబడి మోసపోయింది ఎక్కువగా వాళ్లే. వీటన్నిటికంటే ముందు, రేపు ఉదయం కొట్టు తెరిచేలోగా, ఆ రాళ్లను పక్కన పెట్టి, తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా, గుండ్లు పెట్టండి.